కౌంటర్ కంప్యూటర్‌లో ప్రయాణ యాప్: ఒక ఆసుపత్రి సహాయ కేంద్రం కేస్ స్టడీ

నేపథ్యం

ఇది హైదరాబాద్‌లోని ఒక పెద్ద ఆసుపత్రి సహాయ కేంద్రానికి సంబంధించిన కేసు. ఆసుపత్రి పేరు గానీ, అది ఏ ప్రాంతంలో ఉందన్నది గానీ, అక్కడి సిబ్బంది వివరాలు గానీ ఇక్కడ రాయడం లేదు. చిన్న, మధ్య తరహా సంస్థల్లో కంప్యూటర్లు, నెట్‌వర్క్ వ్యవహారాలు చూడటం నా వృత్తి. ఫోన్ కోసం తయారైన యాప్‌ను కంప్యూటర్‌లో నడపాలని అడిగేవారు తరచూ తారసపడుతుంటారు కనుక, ఈ కేసులో ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో వివరంగా రాస్తే ఇదే పని మీద ఉన్నవారికి ఉపయోగపడుతుందని అనిపించింది.

ఈ ఆసుపత్రికి వచ్చే రోగుల్లో జిల్లాల వాళ్లే ఎక్కువ. డిశ్చార్జి కాగితాలు చేతికి అందాక వారు సహాయ కేంద్రంలో అడిగే మొదటి ప్రశ్న, తమ ఊరి బస్సు ఎక్కడ దొరుకుతుందన్నదే. హైదరాబాద్‌లో ఈ ప్రశ్నకు అందరికీ పనికొచ్చే జవాబు లేదు. కరీంనగర్ వైపు వెళ్లేవారు జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్)కు, వరంగల్ వైపు వెళ్లేవారు ఉప్పల్‌కు, సూర్యాపేట, విజయవాడ దారిలో వెళ్లేవారు ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్)కు గానీ ఎల్‌బీ నగర్‌కు గానీ, మహబూబ్‌నగర్ వైపు వెళ్లేవారు ఎంజీబీఎస్‌కు గానీ ఆరాంఘర్‌కు గానీ చేరుకోవాలి. రైలుకైతే సికింద్రాబాద్, కాచిగూడ, నాంపల్లి, లింగంపల్లి స్టేషన్లు ఉండగా, 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ వాటికి తోడైంది. కొత్తగా కుట్లు పడిన మనిషిని వెంటబెట్టుకుని, రెండు సంచులు మోసుకుంటూ తప్పు బస్సు ఎక్కి తిరిగి రావడమంటే ఎంత కష్టమో ఆ కౌంటర్ దగ్గర కాసేపు నిలబడితే తెలుస్తుంది. దారి చెప్పడం కూడా వైద్య సేవలో భాగమేనని ఆ సహాయ కేంద్రం నడిపేవారు భావించారు, అందుకే నన్ను పిలిచారు.

వారు అడిగింది ఏమిటి

కౌంటర్‌లో పనిచేసే ఇద్దరు ఉద్యోగినులు అప్పటిదాకా తమ సొంత ఫోన్లలో ప్రయాణ యాప్‌లు చూసి దారి చెప్పేవారు. ఒకరికి దారి చెబుతుండగానే ఇంటి నుంచి ఫోన్ వచ్చేది, తెర మీద బ్యాంకు మెసేజ్‌లు ప్రత్యక్షమయ్యేవి, అవతలి వారికి చూపించడానికి తమ ఫోన్‌నే చేతికివ్వాల్సి వచ్చేది. చూపు సరిగా ఆనని పెద్దలకు ఆ చిన్న అక్షరాలు కనిపించేవి కావు. ఆ పక్కనే పెద్ద మానిటర్, కీబోర్డు, ప్రింటర్ ఉన్న కంప్యూటర్ మాత్రం కేవలం రోగుల రిజిస్ట్రేషన్‌కే పరిమితమై ఉండేది. “ఫోన్‌లో ఉన్న యాప్‌ను కంప్యూటర్‌లో వేసి ఇవ్వండి, మాకు అంతే చాలు” అన్నారు.

అడిగినది అడిగినట్టుగా చేయడం కష్టమేమీ కాదు. అయితే ఇలాంటి సందర్భాల్లో వెంటనే ఇన్‌స్టాలేషన్‌కు దిగకుండా, ఒక పూట కౌంటర్ వెనుక కూర్చుని ఏయే ప్రశ్నలు వస్తున్నాయో వినడం నా అలవాటు. అలా విన్నప్పుడు రెండు రకాల ప్రశ్నలు బయటపడ్డాయి. ఎక్కడి నుంచి ఏ బస్సు ఎక్కి ఎక్కడ దిగాలన్నది మొదటి రకం. ఆ బస్సు ఇప్పుడు ఎక్కడుంది, ఎంతసేపట్లో వస్తుందన్నది రెండో రకం. యాప్ చేసే మూడో పని, అంటే బస్సులో కూర్చున్న మనిషికి “వచ్చే స్టాపులో దిగండి” అని గుర్తుచేయడం, కౌంటర్‌కు అవసరమే లేదు, ఎందుకంటే ప్రయాణం చేసేది ఆ కంప్యూటర్ కాదు. తర్వాత తీసుకున్న నిర్ణయాలన్నిటికీ ఈ విభజనే ఆధారం.

మొదటి ప్రయత్నం: ఎమ్యులేటర్

ఆసుపత్రి ఐటీ ఉద్యోగి ముందుగా అడిగింది విండోస్ 11 గురించి. “అందులో ఆండ్రాయిడ్ యాప్‌లు నేరుగా నడుస్తాయట కదా సార్” అన్నారు. ఒకప్పుడు ఆ సదుపాయం ఉన్న మాట నిజమే. ఆండ్రాయిడ్ కోసం విండోస్‌లో ఏర్పాటు చేసిన ఆ ఉప వ్యవస్థకు మైక్రోసాఫ్ట్ 2025 మార్చి 5తో మద్దతు ఆపేసింది. మద్దతు ఉన్న రోజుల్లో కూడా అందులో గూగుల్ ప్లే సర్వీసులు అధికారికంగా లేవు. మ్యాప్ గీయడానికి, ఉన్న చోటు కనుక్కోవడానికి ఆ సర్వీసుల మీదే ఆధారపడే ప్రయాణ యాప్‌కు అది ఎన్నడూ సరైన ఇల్లు కాలేదు. భద్రతా సవరణలు రాని సాఫ్ట్‌వేర్‌ను ఆసుపత్రి యంత్రంలో పెట్టే ఆలోచనే ఉండకూడదు కనుక ఆ దారిని అక్కడితో వదిలేశాం.

మిగిలింది ఎమ్యులేటర్, అంటే కంప్యూటర్ లోపల ఒక ఫోన్ ఉన్నట్టు నటించే సాఫ్ట్‌వేర్. దానిని కౌంటర్ కంప్యూటర్‌లో కాకుండా నా దగ్గరున్న పరీక్ష ల్యాప్‌టాప్‌లో పెట్టి చూశాను. రోగుల వివరాలున్న యంత్రం ప్రయోగాలకు తగిన చోటు కాదు.

యాప్‌లు తయారుచేసేవారు వాడే ఆండ్రాయిడ్ స్టూడియోతో వచ్చే ఎమ్యులేటర్‌లో యాప్ తెరుచుకుంది, లొకేషన్ అనుమతి అడిగింది, ఇచ్చాక నీలం చుక్క కాలిఫోర్నియాలో వెలిగింది. ఈ ప్రాంతంలో సేవలు లేవని యాప్ చెప్పింది. ఇందులో యాప్ తప్పేమీ లేదు. నిజమైన ఫోన్ ఉపగ్రహాల నుంచి, సెల్ టవర్ల నుంచి, చుట్టుపక్కల వైఫైల నుంచి తన చోటును లెక్కగట్టుకుంటుంది. ఎమ్యులేటర్‌కు అవేవీ లేవు కనుక ముందుగా నింపి ఉంచిన చోటునే అప్పగిస్తుంది, అది మౌంటెన్ వ్యూలోని గూగుల్ ప్రధాన కార్యాలయం. కంప్యూటర్‌లో ప్రయాణ యాప్ “పనిచేయడం లేదు” అని వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఇదే.

సెట్టింగుల్లో అక్షాంశ, రేఖాంశాలు మార్చి హైదరాబాద్‌కు తెచ్చాను. ఇక్కడ జాగ్రత్త పడాల్సిన విషయం ఒకటుంది. మ్యాప్‌లలో అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత రాయడం అందరికీ అలవాటు. కానీ ఈ ఎమ్యులేటర్‌కు కమాండ్ ద్వారా చోటు చెప్పేటప్పుడు రేఖాంశమే ముందు రావాలి. హైదరాబాద్ సుమారు 17.4 ఉత్తర అక్షాంశం, 78.5 తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. ఈ రెండూ తారుమారైతే చుక్క ఆర్కిటిక్ సముద్రంలోని స్వాల్‌బార్డ్ దీవుల మీద పడుతుంది. అలాంటి చోట యాప్ ఖాళీ మ్యాప్ చూపిస్తే నెట్ రావడం లేదనుకుని రౌటర్ చుట్టూ తిరిగేవారు ఉంటారు. ముందు చుక్క ఎక్కడుందో చూడాలి.

చోటు సరిచేశాక యాప్ చక్కగా నడిచింది. దారులు చూపింది, బస్సు నంబర్లు చెప్పింది. అడిగిన పని అయిపోయినట్టే. అయినా దీన్ని కౌంటర్‌లో పెట్టవద్దనే సలహా ఇచ్చాను.

ఎందుకు వద్దన్నాను

కౌంటర్ కంప్యూటర్‌లో ఉన్నది 4 జీబీ మెమరీ. ఎమ్యులేటర్ ఒక్కటే అందులో పెద్ద వాటా మింగేస్తుంది. దాన్ని తెరిచిన ప్రతిసారీ రిజిస్ట్రేషన్ సాఫ్ట్‌వేర్ ఈడ్చుకుంటూ నడిస్తే వరుసలో నిలబడ్డ రోగులకే నష్టం. బయోస్‌లో, అంటే కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నడిచే సెట్టింగుల్లో, వర్చువలైజేషన్ (ఒక యంత్రం లోపల మరో యంత్రాన్ని నడిపే సదుపాయం) ఆన్ చేయకపోతే ఎమ్యులేటర్ వేగం ఇంకా పడిపోతుంది, ఆ యంత్రంలో అది ఆఫ్‌లోనే ఉంది. ఇవి డబ్బుతో తీరే సమస్యలే, మెమరీ పెంచవచ్చు, బయోస్ సెట్టింగ్ మార్చవచ్చు.

డబ్బుతో తీరనిది రెండో సమస్య. ప్లే స్టోర్ లేని ఎమ్యులేటర్‌లో యాప్ వేయాలంటే దాని ఏపీకే ఫైలును, అంటే యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలును, ఎక్కడో ఒక చోటి నుంచి తెచ్చుకోవాలి. అలా బయటి సైట్ల నుంచి దింపుకున్న ఫైలులో అసలు యాప్‌తో పాటు మరేముందో తెలియదు. ప్లే స్టోర్ ఉన్న ఎమ్యులేటర్ వాడితే ఎవరో ఒకరి గూగుల్ ఖాతాతో లాగిన్ కావాలి. దానికి తోడు, తాము నడుస్తున్నది నిజమైన ఫోనేనా అని గూగుల్ ప్లే ఇంటెగ్రిటీ ద్వారా సరిచూసుకునే యాప్‌లు ఎక్కువవుతున్నాయి. టికెట్టు, చెల్లింపు ఉన్న యాప్‌లకు ఇది సహజమైన జాగ్రత్తే. ఈ రోజు నడిచిన యాప్ వచ్చే అప్‌డేట్‌తో తలుపు మూసేస్తే, ఆ సాయంత్రం కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషికి జవాబు ఉండదు. అడ్డదారిలో నిలబెట్టిన ఏర్పాటును ఇంట్లో ఒక్కరు వాడుకోవచ్చు, పదిమంది ఆధారపడే కౌంటర్‌కు మాత్రం అది తగదు.

మూడోది, ఇక్కడ నకిలీ చోటు పెట్టాల్సిన అవసరమే లేదు. కౌంటర్ నిజంగానే హైదరాబాద్‌లో ఉంది. అక్కడే ఉన్న యంత్రానికి అక్కడే ఉన్నట్టు అబద్ధంలా చెప్పాల్సి రావడం, ఎంచుకున్న పనిముట్టు సరైనది కాదనడానికి గుర్తుగా నాకు తోచింది.

బ్రౌజర్ దారి

మొదటి రకం ప్రశ్నలకు, అంటే ఏ బస్సు ఎక్కాలన్న ప్రశ్నలకు, అసలు కావలసింది యాప్ కాదు, యాప్ వెనుక ఉన్న డేటా. ఏ స్టాపు ఎక్కడుంది, ఏ రూటు ఎటు వెళ్తుంది, ఏ ట్రిప్పు ఏ స్టాపుకు ఎన్ని గంటలకు చేరుతుందన్న పట్టికలను ప్రపంచంలో చాలా చోట్ల జీటీఎఫ్‌ఎస్ అనే ఒకే పద్ధతిలో రాస్తున్నారు. అమెరికాలోని పోర్ట్‌లండ్ నగర రవాణా సంస్థ ట్రైమెట్, గూగుల్ కలిసి 2005లో మొదలుపెట్టిన పద్ధతి అది. ఆ పట్టికల మీద వెతికే పనిని ఫోన్ యాప్ ఎంత బాగా చేస్తుందో బ్రౌజర్‌లోని గూగుల్ మ్యాప్స్ కూడా అంతే బాగా చేస్తుంది. పైగా బయలుదేరే సమయం ముందే ఇచ్చి వెతకవచ్చు. బిల్లు, డిశ్చార్జి కాగితాలు అందేసరికి సాయంత్రమైపోయే చోట ఇది చాలా అవసరం, మధ్యాహ్నం రెండింటికి అడిగినవారికి ఆరింటి బస్సు సంగతి చెప్పాలి.

బ్రౌజర్‌లోనూ చోటు సమస్య వచ్చింది, కాకపోతే మరో రూపంలో. కౌంటర్ కంప్యూటర్‌కు వైఫై లేదు, కేబుల్‌తోనే నెట్ వస్తుంది. అలాంటప్పుడు బ్రౌజర్ ఐపీ చిరునామాను (నెట్‌లో ఆ కనెక్షన్‌కు ఉండే నంబరును) బట్టి చోటును ఊహిస్తుంది, ఆ ఊహ ఇంటర్నెట్ కంపెనీ ఏర్పాట్లను బట్టి ఎక్కడికో పోతుంది. కౌంటర్ ఎక్కడికీ కదలదు కనుక చోటు కనుక్కునే పనిని బ్రౌజర్‌కు అసలు వదలకపోవడమే మేలని నిర్ణయించాం. గూగుల్ మ్యాప్స్ లింకులోనే బయలుదేరే చోటు, చేరే చోటు, ప్రజా రవాణా అన్న ఎంపిక రాసిపెట్టే పద్ధతి ఉంది. జేబీఎస్, ఎంజీబీఎస్, ఉప్పల్, ఎల్‌బీ నగర్, ఆరాంఘర్, రైల్వే స్టేషన్లు, ఇలా ఒక్కో గమ్యానికి ఒక్కో లింకు తయారుచేసి, తెలుగు పేర్లతో బుక్‌మార్కుల వరుసలో పెట్టాం. ఒక్క నొక్కుతో దారి తెర మీదికి వస్తుంది.

ఇక్కడ ఒక చిన్న విషయం మీద ఎక్కువ సమయం వెచ్చించాం, వెచ్చించినందుకు ఫలితం కూడా దక్కింది. బయలుదేరే చోటుగా ఆసుపత్రి పేరు ఇస్తే మ్యాప్ ప్రధాన భవనం మధ్యలో చుక్క పెట్టి, అక్కడి నుంచి దగ్గరి రోడ్డుకు నడిపిస్తోంది. ఆ దగ్గరి రోడ్డు వెనుక గేటు వైపు ఉంది. ఆ గేటును సాయంత్రం తాళం వేస్తారు. చీకటి పడ్డాక రోగిని అక్కడిదాకా నడిపించి వెనక్కి తిప్పడం ఎంత అన్యాయమో చెప్పనక్కర్లేదు. అందుకని పేరు బదులు ముందు గేటు దగ్గర నిలబడి తీసుకున్న అక్షాంశ, రేఖాంశాలను దశాంశం తర్వాత ఐదు అంకెల వరకు లింకులో రాశాం. ఐదో అంకె దాదాపు ఒక మీటరు దూరాన్ని తెలుపుతుంది కనుక గేటుకు, దాని పక్కనే ఉన్న స్టాపుకు మధ్య తేడా స్పష్టంగా నిలిచింది. నడక దూరం మారింది, రెండు మూడు గమ్యాలకు సూచించే బస్సు స్టాపే మారిపోయింది.

బ్రౌజర్ ఎక్కడ విఫలమైంది

మ్యాప్ ముందుగా చూపే దారి సాధారణంగా తొందరగా చేర్చేది. ఈ కౌంటర్ దగ్గర నిలబడేవారికి తొందర అంత ముఖ్యం కాదు. ఒక పెద్దాయన మాటలు ఇందుకు ఉదాహరణ. “జేబీఎస్‌కు పోవాలె బిడ్డా. మెట్రో వద్దు, మెట్లు ఎక్కలేను” అన్నారు. “స్టేషన్ల లిఫ్టు ఉంటది తాతా” అని కౌంటర్‌లోని అమ్మాయి చెప్పినా, “రోడ్డు దాటి ఆ లిఫ్టు దాక నడవాలె గద బిడ్డా” అన్నారు. ఆయన మాటే సరైనది. మ్యాప్‌లోని ఎంపికల్లో బస్సుకు ప్రాధాన్యం, తక్కువ మార్పులు, తక్కువ నడక అనేవి ఉన్నాయి, వాటిని మార్చి చూపితే ఆయనకు పనికొచ్చే దారి దొరికింది.

డబ్బు విషయమూ అలాంటిదే. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద మహిళలకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. నగరంలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులకు అది వర్తిస్తుంది, మెట్రో రైలుకు వర్తించదు. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపి జీరో టికెట్ తీసుకోవాలి. కనుక సిద్దిపేట నుంచి వచ్చిన తల్లీకూతుళ్లకు మంచి దారి వేరు, కర్నూలు నుంచి వచ్చినవారికి మంచి దారి వేరు. ఈ తేడా ఏ యాప్‌కూ తెలియదు, అడిగి తెలుసుకోవాల్సింది కౌంటర్‌లోని మనిషే. అందుకే లింకు నొక్కే ముందు అడగాల్సిన ప్రశ్నలను ఒక అట్ట మీద రాసి మానిటర్ కింద అంటించాం. ఎంతమంది వెళ్తున్నారు, నడవగలరా, ఏ ఊరి కార్డు ఉంది, ఎన్నింటికి బయలుదేరతారు.

రెండో రకం ప్రశ్నకు, అంటే బస్సు ఇప్పుడు ఎక్కడుందన్న దానికి, బ్రౌజర్ దగ్గర నమ్మదగిన జవాబు దొరకలేదు. పట్టికలోని సమయం వేరు, ట్రాఫిక్‌లో చిక్కుకున్న బస్సు వేరు. బస్సుల కదలికను చూపే యాప్ సిబ్బంది ఫోన్లలో ఉంది, దాన్ని వదులుకోవడం సరికాదు.

పనిచేసిన ఏర్పాటు

ఈ ఒక్క పనికి మాత్రం యాప్ కావాలి, యాప్‌కు నిజమైన ఫోన్ కావాలి, ఫోన్ తెర పెద్ద మానిటర్ మీద కనిపించాలి. మొదట టాబ్లెట్ కొనాలని ఆలోచించారు. కీబోర్డు, ప్రింటర్ పక్కనే ఉండగా మరో తెర వైపు తిరగడం సిబ్బందికి ఇబ్బంది అవుతుందని ఆ ఆలోచన మానుకున్నారు. ఫోన్‌ను కేబుల్‌తో నేరుగా మానిటర్‌కు కలపవచ్చు గానీ, యూఎస్‌బీ సీ పోర్టు ద్వారా వీడియో పంపే సామర్థ్యం ఖరీదైన ఫోన్లలోనే ఎక్కువగా ఉంటుంది. చివరికి ఆసుపత్రి వారి దగ్గరే పక్కన పడి ఉన్న ఒక పాత ఆండ్రాయిడ్ ఫోన్‌ను తీసుకుని, అంతా చెరిపి కొత్తగా చేసి, ఎస్‌సీఆర్‌సీపీవై (scrcpy) అనే ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్‌కు కలిపాం. ఇది ఫోన్ తెరను కంప్యూటర్ కిటికీలో చూపిస్తుంది, మౌస్, కీబోర్డు నొక్కులను ఫోన్‌కు పంపిస్తుంది. ఫోన్‌లో అదనంగా ఏ యాప్ వేయనక్కర్లేదు, రూట్ చేయనక్కర్లేదు (అంటే ఫోన్ రక్షణలు విప్పనక్కర్లేదు), యూఎస్‌బీ డీబగ్గింగ్, అంటే కేబుల్ ద్వారా ఫోన్‌ను కంప్యూటర్ నడిపేందుకు ఇచ్చే అనుమతి, ఆన్ చేస్తే చాలు. యాప్ నడిచేది ఫోన్‌లోనే కనుక కంప్యూటర్ మెమరీ మీద భారం స్వల్పం. యాప్ ప్లే స్టోర్ నుంచే వచ్చింది, తనంతట తానే అప్‌డేట్ అవుతుంది. ఫోన్ కౌంటర్ దగ్గరే ఉంది కనుక అది చెప్పే చోటు కూడా నిజమైనదే.

తెలుగులో స్టాపు పేరు టైప్ చేయడం దగ్గర ఒక అడ్డంకి వచ్చింది. ఈ సాఫ్ట్‌వేర్ మామూలు పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాలనే సరిగా పంపగలదు. తెలుగు పేరును కంప్యూటర్‌లో రాసి, కాపీ చేసి, ఫోన్ కిటికీలో పేస్ట్ చేస్తే సరిపోయింది. తరచూ అడిగే స్టాపులను యాప్‌లోనే ఇష్టమైనవిగా దాచిపెట్టాక ఆ అవసరమూ తగ్గింది.

డీబగ్గింగ్ ఆన్‌లో ఉన్న ఫోన్ తెరిచి ఉన్న తలుపు లాంటిది. అందుకని ఆ ఫోన్‌లో సిమ్ వేయలేదు, ఎవరి వ్యక్తిగత ఖాతా పెట్టలేదు, సహాయ కేంద్రం పేరుతో తీసిన ఖాతా ఒక్కటే ఉంచి, ఆసుపత్రి లోపలి నెట్‌వర్క్‌తో సంబంధం లేని అతిథి వైఫైకి కలిపాం. ఆండ్రాయిడ్ 11 నుంచి, ఏడు రోజులపాటు కలపని కంప్యూటర్‌కు ఇచ్చిన డీబగ్గింగ్ అనుమతి తనంతట తానే రద్దవుతుంది. సెలవుల తర్వాత తెర ఖాళీగా కనిపిస్తే ఫోన్‌లో మళ్లీ అనుమతి అడుగుతోందేమో ముందు చూడమని సిబ్బందికి చెప్పి ఉంచాం. రోజంతా కేబుల్‌కు అంటిపెట్టుకుని ఉండే ఫోన్‌లో బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంటుంది. ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగే సెట్టింగ్ పెట్టి, ఫోన్ తెరను ఆర్పి ఉంచి, దాన్ని సొరుగులో కాకుండా గాలి తగిలే స్టాండు మీద నిలబెట్టాం.

చేతిలో పెట్టే చీటీ

యాప్ చేసే మూడో పని, అంటే దిగాల్సిన స్టాపును గుర్తుచేయడం, కౌంటర్ కంప్యూటర్‌ది కాదని మొదట్లోనే అన్నాను. ప్రయాణం చేసేవారికి మాత్రం అది కావాలి. స్మార్ట్‌ఫోన్ ఉన్నవారికి దారి లింకును వారి ఫోన్‌కే పంపిస్తే దిగాల్సిన చోటు అది చెబుతుంది. లేనివారికి పెద్ద తెలుగు అక్షరాల్లో ఒక చీటీ ప్రింటు తీసి ఇస్తున్నారు. మ్యాప్ పేజీని ఉన్నదున్నట్టు ప్రింటు తీస్తే రంగు గీతలు, చిన్న అక్షరాలు తప్ప ఏమీ మిగలలేదు, అందుకే చీటీకి ప్రత్యేకంగా ఒక నమూనా తయారుచేశాం. అందులో బస్సు నంబరు, ఎక్కాల్సిన చోటు, దిగాల్సిన చోటు, దానికి ముందు వచ్చే స్టాపు ఉంటాయి. మెట్రోలో ఎల్‌బీ నగర్ వైపు వెళ్లి ఎంజీబీఎస్‌లో దిగాల్సినవారి చీటీలో “గాంధీభవన్, తర్వాత ఉస్మానియా మెడికల్ కాలేజీ, దాని తర్వాతిదే ఎంజీబీఎస్, అక్కడ దిగండి” అని ఉంటుంది. యాప్ మోగించే గంట చేసే పనిని ముందు స్టేషన్ పేరు చేస్తుంది. చదవడం రానివారు చీటీని పక్కనున్న ప్రయాణికుడికో కండక్టర్‌కో చూపించగలరు.

తర్వాత గమనించినవి

బుక్‌మార్కులు ఒకసారి పెట్టి వదిలేస్తే పాతబడతాయి. ఫ్లైఓవర్ పనులు జరిగే చోట స్టాపులు జరుగుతాయి, మ్యాప్‌లోకి ఆ మార్పు ఆలస్యంగా వస్తుంది. అందుకని ప్రతి నెలా లింకులన్నీ ఒకసారి తెరిచి చూసే బాధ్యతను ఒకరి పేరు మీద రాయించాం. స్టాపు జరిగిన సంగతి ముందుగా తెలిసేది రోజూ బస్సులో వచ్చే ఆసుపత్రి ఆయాలకు, సెక్యూరిటీ గార్డులకు. వారు చెప్పింది రాసుకోవడానికి కౌంటర్‌లో ఒక నోటు పుస్తకం పెట్టారు, లింకులు సరిచూసేటప్పుడు దాన్ని కూడా పక్కన పెట్టుకుంటున్నారు.

ఎమ్యులేటర్ పనికిరానిదని ఈ కేసు ఆధారంగా చెప్పలేను. యాప్ తయారుచేసేవారికి, వేరే ఊరి దారులు ముందుగా చూసుకోవాలనుకునే వారికి, కదలని చోటు నుంచే కదులుతున్నట్టు పరీక్షించాల్సిన వారికి అది తగిన పనిముట్టే. ఇదే అభ్యర్థన మరో చోట వస్తే నేను ముందుగా అడిగేది, ఆ యంత్రంలో ఇంకేమేమి ఉన్నాయి, చోటు మారుతూ ఉంటుందా, ఒకేచోట ఉంటుందా, యాప్ ఒక రోజు ఆగిపోతే ఎవరికి నష్టం అన్నవే. ఈ మూడింటి జవాబులను బట్టి ఎమ్యులేటరా, బ్రౌజరా, నిజమైన ఫోనా అన్నది చాలావరకు తేలిపోతుంది.

షేర్ ఆటోలు ఏ డేటాలోనూ లేవు. ఆసుపత్రి గేటు నుంచి పెద్ద రోడ్డు దాకా చాలామంది వెళ్లేది వాటిలోనే, రాత్రిపూట దిక్కు కూడా అవే. ఆ వివరం రాయడానికి చీటీలో అడుగున ఒక ఖాళీ గడి ఉంచాం. చీటీ ఒక్క పేజీలో ఇమడాలంటే ఆ గడి తీసేయాలన్న ప్రతిపాదన వచ్చింది. వద్దని, కావాలంటే ఆసుపత్రి లోగో తీసేయమని చెప్పాను, వాళ్లు లోగోనే తీసేశారు. ఇప్పుడు ఆ గడిలో ఆటో ఎక్కడ దొరుకుతుందో, మనిషికి ఎంత తీసుకుంటారో సిబ్బంది పెన్నుతో రాసి ఇస్తున్నారు.